మా వదినా, ఆవిడ కడుపులోవాళ్ళూ

మొన్న పొద్దున్న మా అబ్బాయి విశాఖపట్నం నుంచి నా ఫోన్‌కి ఒక పేపరు ముక్క పంపాడు. మన పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులకీ, రక్తంలో వచ్చే కేన్సర్‌కీ సంబంధం ఉండొచ్చని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారట. కొన్ని రకాలు జబ్బుని ఎగదోస్తాయేమో, కొన్ని రకాలు మందు బాగా పనిచెయ్యడానికి సాయపడతాయేమో, తేలాల్సింది ఇంకా చాలా ఉందని రాశారు. రాసినవాళ్ళెవరో పద్ధతిగానే రాశారు. దాని కింద మా అబ్బాయి సొంత కవిత్వం ఒకటి. "చూశావా అమ్మా, మన తరవాణి ఎంత గొప్పదో! అత్త ఉంటే ఎంత సంతోషించేదో!"

నాకు ఒళ్ళు మండింది. "ఉండొచ్చు" అన్న మాట ఎక్కడ కనిపించినా మనవాళ్ళు దాన్ని గుటుక్కున మింగేసి "ఉంది" అని తేనుస్తారు. రిటైరయ్యేదాకా టెక్కలిలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పినదాన్ని, బాక్టీరియా పాఠం చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయినదాన్ని, నా కొడుకే ఇలా తయారయ్యాడేమిటా అనిపించింది. వెంటనే ఫోన్ చేసి దులిపేశాను. "ఒరే, మీ అత్త పుట్టినప్పట్నుంచీ తరవాణి తాగే పెరిగింది. అయినా ఆవిడకే ఆ జబ్బొచ్చింది. అంత గొప్పదైతే ఎందుకు కాపాడలేదురా?" అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే బాధేసింది. వాడు పొగిడింది తరవాణిని కాదు, వాళ్ళ అత్తని. ఆ రోజంతా వదిన నా వెనకాలే తిరిగినట్టుంది.

వదినంటే మా ఆయనకి అక్క. ఉద్దానంలో, బారువకి దగ్గర్లో ఒక ఊళ్ళో ఉండేది. కొబ్బరితోట, పక్కన కాస్త జీడితోట, మధ్యలో పెంకుటిల్లు. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు గానీ గాలి తిరిగిందంటే ఎండుచేపల వాసన నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చునేది. మనిషి పొట్టి, నడక చురుకు, గొంతు మాత్రం ఊరంత. ఎవరినైనా "బాగున్నావా" అని అడగడం నేను ఎప్పుడూ వినలేదు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు మొహం చూసేది కాదు, కడుపు చూసేది. ఎడంచేత్తో మన మణికట్టు పట్టుకుని, చూపు మన బొడ్డు మీద నిలిపి, "ఏటి తిన్నావు?" అనేది. తిన్నామన్నా వదిలేది కాదు. "ఎప్పుడు తిన్నావు? ఏటి కూర? అరిగినాదా?"

కొత్తగా పెళ్ళయి వెళ్ళినప్పుడు నాకు భలే సిగ్గేసింది. పదిమందిలో కొత్తకోడల్ని పట్టుకుని "పొద్దుటేల సాఫీగా అయినాదా?" అని అడిగితే ఎక్కడ దాక్కోవాలి? నాకొక్కదానికే కాదు, ఎవరికైనా అంతే. ఒకసారి ఇద్దరం పలాస బస్సులో వెళ్తున్నాం. టిక్కెట్టివ్వడానికి వచ్చిన కండక్టరు మొహం చూసి, "నాయినా, మొకమంతా పీక్కుపోనాది, కడుపులో బాగోనేదా?" అంది. ఆ అబ్బాయి బస్సంతా నవ్వుతున్నా పట్టించుకోకుండా పక్క సీట్లో కూలబడి, రెండ్రోజుల్నుంచి విరోచనాలని చెప్పుకున్నాడు. కాశీబుగ్గ వచ్చేదాకా వైద్యం నడిచింది. దిగేటప్పుడు ఆవిడకి దండం పెట్టాడు, నాకు పెట్టలేదు.

ఆవిడ వైద్యమంతా ఒక్క కుండలో ఉండేది. తరవాణి కుండ. మిగిలిన అన్నంలో గంజి వంపి, పాత పులుపు కాస్త కలిపి, మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి పులిసి నీళ్ళు తేరుకుంటాయి. అవి తాగి, ఆ అన్నం ఉల్లిపాయతో తిని తోటలోకి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలనరు. రోజూ పొద్దున్న వదిన మూత తీసి, అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని నాకి, ఎటో దూరంగా చూసేది. ఆ చూపు చూస్తున్నంతసేపూ మనం మాట్లాడకూడదు. తరవాత తీర్పు వచ్చేది. "ఇయ్యాల బాగున్నారు." ఎవరు బాగున్నారని మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

పాఠం చెప్పే అలవాటు ఊరికే పోదు కదా. "వదినా, అందులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి తెలుసా" అన్నాను ఒకరోజు.

"ఓలి మేస్టారమ్మా, నువ్విప్పుడు సెప్తన్నావు. ఎవురో ఉండకపోతే నానొండిన తీపన్నం తెల్లారేసరికి పుల్లగెలగవుతాది?" అంది. "ఆళ్ళకీ ఆకలుంటాది మరి. ఆళ్ళు తిని మనకెడతారు."

నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, ఎప్పుడూ మేస్టారమ్మే. దాంట్లో గౌరవం ఎంతో వెక్కిరింత ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తుఫానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు నేలకొరిగిపోయిన తరవాత నాలుగైదేళ్ళకి, ఒక శీతాకాలంలో, వదినకి నీరసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి లేవడానికి గోడ పట్టుకునేది. మా వైపు నీరసం అంటే ఎవరికైనా వెన్నులో వణుకు పుడుతుంది. అప్పటికే ఊరూరా కిడ్నీలు పోతున్నాయి. ఏ ఇంట్లో చూసినా కాళ్ళవాపులు, పరీక్షలు, డయాలిసిస్ మాటలు. అక్షరం రాని ముసలమ్మలు కూడా అరుగు మీద కూర్చుని "నీ క్రియాటిన్ ఎంత?" అని ఒకరినొకరు అడిగే ఊళ్ళు మావి. వదినక్కూడా అదే అనుకున్నారు అందరూ. అన్నయ్య, అంటే వదిన భర్త, ఏమీ అనకుండా ఆవిణ్ణి పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాడు.

క్రియాటినిన్ మామూలుగా ఉంది. కిడ్నీలకి ఏమీ లేదు.

ఆ రోజు వాళ్ళింట్లో పండగ. వదిన బస్సు దిగుతూనే "నాకది కాదంట!" అని వీధి మొదట్నుంచి అరుచుకుంటూ వచ్చిందట. కొబ్బరికాయలు కొట్టించింది, బెల్లం కలిపి ఉండలు చేసి ఇంటింటికీ పంచింది. ఆడవాళ్ళు వచ్చి ఆవిడ చెయ్యి తాకి వెళ్ళారు, ఆ అదృష్టం కాస్త తమకీ అంటుతుందని. ల్యాబులో అతను ఇంకో మాట కూడా చెప్పాడు. రక్తం బాగా తక్కువగా ఉంది, కణాల లెక్క తేడాగా ఉంది, పెద్దాసుపత్రిలో చూపించమన్నాడు. ఆ మాట విన్నారు గానీ చెవిలోంచి లోపలికి పోలేదు. రక్తం తక్కువ అన్నది మా ఊళ్ళలో ఆడవాళ్ళకి జబ్బా? కిడ్నీ కానిదేదైనా అక్కడ పడిశం కిందే లెక్క. తోటకూర తినమన్నారు, మేక కార్జం తినమన్నారు, నల్లబెల్లం తినమన్నారు. వదిన అవన్నీ తింటూ, జీడిపిక్కల కాలం అంతా అలాగే ఈడ్చేసింది.

వేసవి సెలవులకి నేను వెళ్ళేసరికి మనిషి పాలిపోయి ఉంది. నా మణికట్టు పట్టుకోవడానికి చెయ్యి చాపితే మోచేతి కింద నల్లగా కమిలిన మచ్చలు కనపడ్డాయి.

"ఇదేంటి వదినా?"

"తలుపు తగిలినాది."

"ఇది?"

"అదీ తలుపే."

"ఎన్ని తలుపులున్నాయి నీ ఇంటికి?" అన్నాను. నవ్వబోయింది. పళ్ళ చిగుళ్ళ వెంట రక్తం చారలు కనిపించాయి. మర్నాడే విశాఖ రైలెక్కించాం.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. నా స్టూడెంటు వయసు. రక్తంలో కేన్సర్ అని వదిన ఎదురుగానే చెప్పింది. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలు పనికిరాకుండా పెరిగిపోయి మిగతావాటికి చోటు లేకుండా చేశాయంది. గట్టిమందులిస్తాం, చెడ్డవాటితో పాటు మంచివి కూడా పోతాయి, కొన్నాళ్ళు ఒంటికి కాపలానే ఉండదు, ఆ గండం దాటాలి అంది. అన్నయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. వదిన మాత్రం డాక్టరమ్మ కడుపు వైపు చూసి, "పొద్దుటేల ఏటి తిన్నావమ్మా నువ్వు?" అంది.

తిండి సంగతి వచ్చేసరికి అసలు గొడవ మొదలైంది. అన్నీ అప్పటికప్పుడు వండినవి, వేడివేడిగా తినాలి. కాచిన నీళ్ళే తాగాలి. పచ్చివి వద్దు, పెరుగొద్దు, నిలవ ఉన్నవి వద్దు, పులిసినవి అసలొద్దు.

"అంటే తరవాణి?" అంది వదిన.

"అదేంటమ్మా?" అంది డాక్టరమ్మ. పట్నం పిల్ల, ఎప్పుడూ వినలేదు. వదిన ఉత్సాహంగా మంచం మీద సర్దుకుని కూర్చుని మొదట్నుంచీ చెప్పింది. కుండ ఎలా ఉండాలి, గంజి ఎంత పొయ్యాలి, పాత పులుపు ఎలా దాచాలి, వాసన ఎలా తెలుసుకోవాలి. డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని వింటూ వింటూ, చివరికి "అమ్మో, వద్దమ్మా, ఆ కుండ ఉన్న గదిలోకి కూడా వెళ్ళకండి" అంది.

వదిన మొహం వాడిపోయింది. అప్పుడు ఆ పిల్ల మంచం మీద పక్కనే కూర్చుని విడమరిచి చెప్పింది. మన పేగుల నిండా సూక్ష్మజీవులుంటాయి, మామూలప్పుడు అవి మనకి మేలే చేస్తాయి, తిండి అరిగిస్తాయి, ఒంటి కాపలాని అప్రమత్తంగా ఉంచుతాయి. కానీ ఈ మందులకి పేగుల గోడ పుండవుతుంది. కాపలా ఉండదు. అప్పుడు లోపల మంచిగా ఉన్నవే రక్తంలోకి జొరబడితే ప్రాణం మీదకి వస్తుంది. జ్వరం వస్తే మేమిచ్చే యాంటీబయాటిక్ మందులకి అవి కూడా చచ్చిపోతాయి. అలాంటప్పుడు బయట నుంచి కొత్తవి రానివ్వకూడదు. నేను వింటూ నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నల్లబోర్డు మీద గుండ్రంగా ఒకటి, కర్రలా ఒకటి బొమ్మలు గీసి పిల్లల్తో బట్టీ పట్టించాను గానీ, ఇంత దగ్గరగా ఎవరికీ చెప్పలేదు.

"అయితే ఆళ్ళు మంచోళ్ళా సెడ్డోళ్ళా? తేల్చి సెప్పు" అంది వదిన.

"ఇద్దరూ ఉంటారమ్మా. ఉండాల్సిన చోట ఉంటే మంచివాళ్ళు."

"ఈ జబ్బు ఆళ్ళే తెచ్చినారా?"

"తెలీదమ్మా" అంది డాక్టరమ్మ. "వాళ్ళ చెయ్యి ఏమైనా ఉందా, మందు పనిచెయ్యడంలో వాళ్ళ సాయమేమైనా ఉందా అని ఆలోచించేవాళ్ళు ఉన్నారు. ఇప్పటికైతే ఎవరికీ తెలీదు."

డాక్టరమ్మ వెళ్ళాక వదిన నా వైపు తిరిగి, "ఈ పిల్ల మంచిది. తెల్దన్నాది" అంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల గీసిన గీత దాటలేదు.

మర్నాటి నుంచి ఆ వార్డులో కొత్త పలకరింపు మొదలైంది. డాక్టరమ్మ వచ్చి "ఎలా ఉన్నారు?" అంటే వదిన "నానా, మావోళ్ళా?" అని అడిగేది. కడుపులో ఉన్న సూక్ష్మజీవులు ఆవిడకి మావోళ్ళయిపోయారు. విరోచనాలైన రోజు, "మావోళ్ళు సానామంది ఎల్లిపోనారు తల్లీ" అని దిగులుగా చెప్పేది. నాలుగు మెతుకులు ఇమిడిన రోజు, "కొంతమంది తిరిగొచ్చినట్టున్నారు" అనేది. పక్క మంచం ఆవిడ కూడా "మావాళ్ళకి ఇవాళ పాలు పడలేదు డాక్టరుగారూ" అనడం మొదలుపెట్టింది. నర్సులు నవ్వలేక చచ్చేవారు. జుట్టంతా రాలిపోయి, నోరంతా పూసిపోయి, గుక్కెడు నీళ్ళు మింగలేని మనిషి చుట్టూ ఆ నవ్వులేమిటో, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ రోజుల్లోనే ఊరి నుంచి ఆవిడ పక్కింటి స్నేహితురాలు చూడ్డానికొచ్చింది. పమిట కొంగు కింద స్టీలు క్యాను. పలాసలో రైలెక్కి, ఆ క్యాను ఒళ్ళోంచి దించకుండా విశాఖ దాకా తెచ్చిందట. నర్సు అవతలికి వెళ్ళగానే మూత తీసింది. తరవాణి. ఆ వాసన నాకే నోట్లో నీళ్ళూరించింది.

"ఒక్క గుక్క తాగీ. ఈ మందులేటి సేత్తాయి? కడుపు సల్లబడితే అన్నీ తగ్గుతాయి" అంది ఆవిడ. మా వైపు రోగిని చూడ్డానికి ఉత్తచేతుల్తో ఎవరూ రారు. తెచ్చింది తినకపోతే రావడమే దండగన్నట్టు నొచ్చుకుంటారు. నేను లేచి అడ్డుపడబోయాను. వదిన చేత్తో ఆపింది. క్యాను దగ్గరకి తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. ఎంతసేపు పీల్చిందో. తరవాత మూత తనే గట్టిగా బిగించింది.

"ఓలప్పా, ఏటనుకోకు. నాను బతకాల" అంది.

ఆ స్నేహితురాలు కళ్ళు తుడుచుకుంటూ క్యాను మళ్ళీ కొంగు కిందే పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక నేను, "అంత గట్టిదానివనుకోలేదు వదినా" అన్నాను.

"గట్టిదాన్నేటి? నానెల్లిపోతే ఆ మనిసి అడిగి తినడు."

ఆ మనిషి అంటే అన్నయ్య. ఆయన పసివాడిగా ఉండగానే తల్లి పోతే మేనమామ ఇంట్లో పెరిగాడు. ఆ ఇంట్లో పెట్టినప్పుడు తినడమే గానీ అడిగితే ఊరుకునేవాళ్ళు కారట. ఆ అలవాటు జీవితమంతా పోలేదు. ఆకలైతే ఆకలని అనడు, ఇంకాస్త వెయ్యమనడు, చాలనడు. అన్నం అయిపోతే కంచం వంక చూస్తూ కూర్చుంటాడు. కడుపు నిండితే వాకిలి వైపు చూస్తాడు. ఆ చూపుల తేడా తెలిసింది భూమ్మీద వదిన ఒక్కదానికే. కూతురు బరంపురంలో కాపురముంటోంది. పండక్కీ పబ్బానికీ వచ్చినప్పుడు "నాన్నా, ఇంకొంచెం వెయ్యనా" అంటే "ఊఁ" అన్నా "ఊఁహూఁ" అన్నా ఒకేలా వినపడేదని ఏడ్చేది.

"కుండనిండా అన్నముంటాది, పక్కనే ఈయన పస్తుంటాడు" అంది వదిన. "ఈయన్ని నా కంటే ముందర పంపించీనా పరవానేదు. ఎనకాల ఒగ్గీసి మాత్రం ఎల్లను." ఆ మాట విని నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆవిడ బతకాలనుకున్నది దేనికోసమో ఆ రోజు తెలిసింది.

గండం గడిచింది. ఆవిడ మాట ప్రకారం మావోళ్ళు ఒక్కొక్కరూ తిరిగొచ్చారు. జబ్బు అణిగిందని చెప్పి ఇంటికి పంపారు. చిన్నమందులు నడుస్తున్నన్నాళ్ళూ తిండి నియమాలు తప్పకూడదన్నారు. వదిన తప్పలేదు. కాచిన నీళ్ళ చెంబు పట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళేది. తరవాణి కుండ పెరట్లోకి మారింది. అన్నయ్యకీ కూలీలకీ మాత్రమే. తను గుమ్మంలో కూర్చుని గాలికి వచ్చిన వాసన బట్టి "ఇయ్యాల గంజెక్కువైనాది, ఎవురు పోసినారు?" అని కేకలేసేది.

అన్నయ్యకి వంట నేర్పడం కూడా అప్పుడే పెట్టుకుంది. నేర్చుకున్నాడు. పప్పు, చారు, చేపలపులుసు, అన్నీ వచ్చేశాయి. వచ్చినంత మాత్రాన ఏం లాభం? వండినదంతా ఆవిడకీ వచ్చినవాళ్ళకీ వడ్డించి, తను పక్కన నిలబడేవాడు.

"మీ కూడు మీరెట్టుకోండి" అనేది వదిన.

"తింటానులే."

"ఎప్పుడు?"

ఆయన చారుగిన్నె మీద మూత సర్దేవాడు. "నోరు తెరిసి ఆకలేత్తందని ఒక్క పాలి అనండి. ఇంటాను. సచ్చిపోను" అనేది. ఆయన నవ్వి తోటలోకి వెళ్ళిపోయేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఈ తగువు ఒకసారైనా చూసేదాన్ని. చివరికి నన్ను మధ్యవర్తిగా పెట్టారు. "నువ్వైనా సెప్పు మేస్టారమ్మా, పాటాలు సెప్తావు కదా" అనేది. నేను చెప్పాను. ఆయన వాకిలి వైపు చూశాడు. వదిన తల పట్టుకుంది.

రెండో జీడిపిక్కల కాలం దాటాక నీరసం మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ ఉండలు పంచలేదు. విశాఖలో అదే వార్డు, అదే డాక్టరమ్మ. పరీక్షలన్నీ అయ్యాక అన్నయ్యనీ నన్నూ వరండాలోకి పిలిచింది. ఆ పిల్ల మొహం చూస్తేనే నాకు తెలిసిపోయింది. ఇక గట్టిమందులు ఆవిడ ఒళ్ళు తట్టుకోదు, ఇంటికి తీసుకెళ్ళండి, నొప్పి రాకుండా మందులిస్తాను అంది. తరవాత కాస్త ఆగి, "ఇంక నియమాలేమీ లేవు. ఏమి ఇష్టమైతే అది పెట్టండి" అంది.

అన్నయ్య తలెత్తాడు. "తరవాణి కూడానా డాకటరమ్మా?"

"అది కూడా" అంది.

అన్నయ్య గబగబా లోపలికి వెళ్ళి, "ఇదిగో, అన్నీ తినొచ్చన్నారు. తరవాణి కూడా" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వదిన ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, "నిజమే? అయితే బేగి ఎల్దాం పదండి" అంది.

పలాస పాసింజరులో కిటికీ పక్కన పడుకోబెట్టాం. హరిశ్చంద్రపురంలో బండి ఆగితే అన్నయ్య టీ తేవడానికి దిగాడు. వదిన నా కొంగు పట్టుకుని దగ్గరకి లాగింది.

"అన్నీ తినొచ్చంటే ఏటో నాకు తెల్దేటి? కాపలా కాసీవోడు తాళం గుమ్మంలో పారీసి ఎల్లిపోనాడు, అంతే కదా?"

ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

"ఏడవకు. ఆ మనిసికి సెప్పకు. సంబరంగున్నాడు, ఉండనీ. నాల్రోజులు తన సేత్తో ఒండి ఎట్టుకోనీ" అంది. అంతలో అన్నయ్య టీలు పట్టుకుని వచ్చాడు. వదిన లేచి కూర్చుని, "పంచదార ఎక్కువేయించినారా నాకు?" అని దెబ్బలాట పెట్టుకుంది.

ఇంటికెళ్ళగానే అన్నయ్య కొత్త కుండ కడిగాడు. పక్కింటి స్నేహితురాలి దగ్గర్నుంచి పాత పులుపు తెచ్చి తనే గంజి వంపి, మూత పెట్టాడు. పొద్దున్న నేను లేచేసరికి వదినని గోడకి ఆనించి కూర్చోబెట్టి, ముందు గిన్నె పెట్టి, ఉల్లిపాయ తరిగి ఉంచాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

వదిన రెండు చేతుల్తో గిన్నె ఎత్తి తాగింది. గొంతు దిగుతున్నప్పుడు కళ్ళు మూతలుపడ్డాయి. మీసాల్లా అంటుకున్న తరవాణి కొంగుతో తుడుచుకుని, "పులుపు సాల్నేదు" అంది. "మావోళ్ళకి సాలదిది. ఇంకొంచిం పొయ్యండి." ఆయన పోశాడు. ఆవిడ సగం తాగి, అలిసిపోయి, గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. తోటలో ఎక్కడో కొబ్బరిమట్టలు రాలుతున్న చప్పుడు వినపడుతోంది.

అప్పుడు అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. వాకిలి వైపు చూడలేదు, కంచాల వైపు చూడలేదు. వదిన కళ్ళలోకే చూశాడు.

"నాకూ కొంచిం ఎట్టవా" అన్నాడు. "ఆకలేత్తంది."

ఆయనకి తెలుసు. విశాఖ వరండాలో డాక్టరమ్మ నోరు తెరిచినప్పుడే తెలుసు. ఇంటిదాకా పడిన ఆ సంబరమంతా ఆవిడ కోసం పడ్డాడు. వాళ్ళిద్దరి మధ్యలో నేనొక్కదాన్నే రహస్యం దాస్తున్నానని అనుకున్నాను.

వదిన గిన్నె ఒళ్ళోనే పట్టుకుని ఆయన్నే చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ ఒక్క చుక్క రాలనివ్వలేదు. మిగిలిన సగం ఆయన చాపిన గిన్నెలోకి తనే వంచి, ఉల్లిపాయ ముక్కలు అటు జరిపింది.

"తాగండి" అంది. "సాలకపోతే మళ్ళీ అడగండి."